ఏడు నిమిషాల అన్న

"వీడే పెద్దాడండీ, ఏడు నిమిషాల ముందు పుట్టాడు. చెల్లికేమో కింద రెండు, పైన ఒకటి వచ్చేశాయి. వీడికి ఒక్కటీ కదల్లేదు. బలానికేమన్నా రాయండి డాక్టరు గారూ."

కవలల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని ఓ మామ్మగారు పెట్టిన ఫిర్యాదిది. ఇద్దరికీ ఏడో ఏడు నడుస్తోంది. "అన్నయ్యవన్నీ పాలపళ్ళే" అని ఆ పిల్ల అడక్కుండానే నోరంతా తెరిచి తనవి చూపించింది. వాడు పెదాలు బిగించుకున్నాడు.

వాణ్ణి బతిమాలి కుర్చీ ఎక్కించి, కింది దవడలో చివరి పాలపన్ను దాటించి వేలు వెనక్కి పోనిచ్చాను. మెత్తటి చిగురు తగలాల్సిన చోట రెండు మొనలు గరగరా తగిలాయి. అద్దం పెట్టి చూస్తే పన్ను ముందు సగం తెల్లగా బయటపడింది, వెనక సగం మీద చిగురు ఇంకా దుప్పటిలా కప్పుకునే ఉంది. రెండో పక్కా అంతే. "మామ్మగారూ, మళ్ళీ ఊడని పళ్ళు వీడికి అప్పుడే రెండొచ్చాయి" అన్నాను. పాలపన్ను ఊడకుండా కొత్త పన్ను ఎలా వస్తుందని ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు. న్యాయమైన ప్రశ్నే. ఆరేళ్ళప్పుడు వచ్చే మొదటి దవడ పన్ను దేన్నీ ఊడగొట్టదు. పాలపళ్ళన్నిటి వెనకా ఖాళీ చూసుకుని చప్పుడు చేయకుండా మొలుస్తుంది. ముందు పన్ను ఊడితే ఆవుపేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే ఇళ్ళలో కూడా దీన్ని పలకరించేవాళ్ళుండరు.

ఆడపిల్లలకి శాశ్వత దంతాలు ముందొస్తాయన్న మాట నిజమే. సగటున ఓ ఐదు నెలలు ముందు. అయితే ఆ సగటు నోరంతా ఒకేలా పరుచుకుని ఉండదు. మొదటి దవడ పళ్ళ దగ్గర తేడా తక్కువ. కింది కోరపన్ను దగ్గరికొచ్చేసరికి పది, పదకొండు నెలలు. మొత్తం పలువరసలో ఆడామగా తేడా బాగా కనిపించేది కోరపన్నులోనే, వచ్చే వేళలోనూ, పరిమాణంలోనూ. పాలపళ్ళ దగ్గర ఈ ఆధిక్యం లేదు. అక్కడ మగపిల్లలే ఒక్క పిసరు ముందుంటారు. అంటే ఏడు నిమిషాల అన్న తన పెద్దరికం ఒకప్పుడు చూపించుకునే ఉంటాడు, ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో గోడకి ఓ చార్టు తగిలించాను. ఏ పన్ను ఏ వయసుకి వస్తుందో ఒకే వరసలో అంకెలు. ఆడపిల్ల, మగపిల్లాడు అన్న విభాగమే లేదు. ఆ అంకె చూసి ఒక తల్లితో "మీవాడికి ఆలస్యం" అనేసి, దవడంతా పడే ఎక్స్‌రే తీయించాను. పళ్ళన్నీ లోపల బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఆవిడ ఎక్స్‌రే డబ్బులు నా గోడకి పెట్టిన ఖర్చు. ఆ చార్టు ఇప్పుడు లేదు.

పంటిని గడియారంగా వాడటం కొత్తేం కాదు. 1833లో బ్రిటన్ చట్టం తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోవద్దంది. పుట్టిన తేదీ కాగితాల్లేవు, వయసు ఎలా తేల్చాలి? ఎత్తు కొలిచేవాళ్ళు. దానికన్నా పళ్ళే నమ్మకమని ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరీక్షించి 1837లో పార్లమెంటు ముందు పెట్టాడు. 1973లో డెమిర్జియన్ అనే పరిశోధకుడి బృందం ఎడమ కింది దవడలోని ఏడు పళ్ళ ఎక్స్‌రే చూసి వయసు కట్టే పద్ధతి తెచ్చినప్పుడు ఆడపిల్లలకో పట్టిక, మగపిల్లలకో పట్టిక విడిగా ఇచ్చింది. పళ్ళు అదే దశలో ఉన్నా, ఆడపిల్లవంటే వయసు తక్కువ లెక్కకొస్తుంది.

సరే, ఇంతకీ కంగారు పడాల్సింది ఎప్పుడు? చెల్లెలి నోటితో పోల్చి మాత్రం కాదు. వాడి కుడి పక్కని వాడి ఎడమ పక్కతో పోల్చాలి. ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండో వైపు జాడ లేకపోతే చూపించండి. పదేళ్ళు వచ్చాక పై కోరపన్ను ఉబ్బు చిగురు మీద వేలికి తగలాలి. తగలకపోతే చూపించండి. విచిత్రమేమిటంటే, కోరపళ్ళు ముందొచ్చేదీ ఆడపిల్లలకే, పై కోరపన్ను ఎముకలో ఇరుక్కుపోవడం ఎక్కువగా చూసేదీ వాళ్ళలోనే.

మామ్మగారికి బలం మందు రాయలేదు. మందు అవసరమైంది చెల్లికి. ఆ పిల్లకి దవడ పళ్ళు నాలుగూ పూర్తిగా వచ్చేశాయి, కింది కుడిదాని గాడిలో అప్పుడే నల్లటి గుంట. ముందొచ్చిన పన్నుకి చాక్లెట్టూ ముందే అందుతుంది మరి. "ఎలాగూ ఊడేదే కదండీ" అన్నారు మామ్మగారు. ఊడదని చెప్పి, ఆ రోజే గుంట శుభ్రం చేసి నింపాను.

మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే ఈ సాయంత్రం వెలుతురులో నోరు తెరిపించండి. మధ్యగీత నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పాలపళ్ళు ఒక్కో పక్క ఐదే. ఆరోది కనబడితే, ఆడపిల్లయినా మగపిల్లాడయినా, బ్రష్ అక్కడిదాకా వెళ్ళాలి.