ఛాయాచిత్రశాలలో ముగ్గులు

బెంగుళూరు కస్తూర్బా రోడ్డున 2023 ఫిబ్రవరిలో తలుపులు తెరచిన ‘మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ’ని, తెరచిన కొలది వారములకే మేము చూడబోయితిమి. అభిషేక్ పొద్దార్‌గారు స్థాపించిన ఈ సంస్థలో శిల్పములు, వస్త్రములు మొదలగునవియు కలవు. వానిని గూర్చి వ్రాయదగినవారు వేరే యున్నారు. మమ్ము నిలిపివేసినది నాడచ్చట జరుగుచుండిన జ్యోతి భట్టుగారి ఛాయాచిత్ర ప్రదర్శనము.

భట్టుగారు 1934లో భావనగరమున జన్మించిరి. బరోడాలో చిత్రకళ నభ్యసించి ముద్రణచిత్రములకు పేరుగాంచిరి. 1967లో గుజరాతీ జానపదకళలను గూర్చిన ఒక గోష్ఠికై ఫోటోలు తీయవలసివచ్చెను. అది మొదలు ఏండ్ల తరబడి పల్లెలు తిరిగి, గోడలమీది బొమ్మలను, వాకిళ్ళలోని రంగవల్లులను కెమెరాలో పట్టిరి. రాజస్థానములో వీనిని ‘మాండణా’ లందురు. ఎఱ్ఱమట్టితో అలికి, తెల్లసుద్దతో గీయుదురు.

వీరి గొప్ప యెచ్చటనన, బొమ్మను ఇంటినుండి వేరుచేయకుండుట. గోడమీద నెమలి యుండును, దానిప్రక్కనే ఇల్లాలుండును. ఆమె చీరె అంచును, గోడమీది గీతయు చుట్టములవలె కనబడును. మరియొకడైనచో, “అమ్మా, కొంచెము ప్రక్కకు జరుగుము” అని యుండును! అయితే ఒక్క లోపము మాకు తోచినది. నలుపు తెలుపులలో ఆ ఎఱ్ఱమట్టి బూడిదవన్నె యైపోయినది. గీత నిలిచినది గాని, మట్టి వాసన పోయినది. మన బియ్యపుపిండి ముగ్గులకు ఆ నష్టమంతగా ఉండదేమో. కళ్ళాపి చల్లిన నేలమీద తెలుపే గదా ప్రాణము.

ముగ్గు చెరిగిపోవుటకే పుట్టినది. ప్రొద్దెక్కునప్పటికి సగము చీమలపాలు, సగము కాళ్ళపాలు. దానిని చట్రములో బిగించి, చల్లని గదిలో తెల్లగోడకు వ్రేలాడదీయుట న్యాయమా యని మొదట మాకు సందేహము కలిగినది. కాని, రేపు మరల వేయు చేయి ఉన్నంతవరకే చెరుగుట అందము. ఆ చేయి లేనినాడు?

మా తల్లిగారు చింతామణిలో మా వాకిట ఇరువదియొక్క చుక్కల మెలికల ముగ్గును, చేయి యెత్తకుండ, ఎవరితోనో మాటాడుచునే ముగించెడివారు. మా పూర్వులు ఆంధ్రదేశమునుండి ఏమేమి మోసికొని వచ్చిరో చెప్పలేము గాని, ఆ ముగ్గు మాత్రము అమ్మమ్మగారి చేతినుండి వచ్చినదని ఆమె యనెడిది. కొలువు దొరికిన క్రొత్తలో మేమొక ‘అగ్ఫా క్లిక్’ కెమెరా కొంటిమి. విచిత్రమేమన, అదియు బరోడాలో తయారైనదే. రీలునకు పండ్రెండు చిత్రములు. పెండ్లిండ్లకు, నామకరణములకు, ఒకమారు ఆఫీసరుగారి వీడ్కోలు సభకు సయితము వెచ్చించితిమి. ముగ్గున కొక్కటియు వెచ్చింపలేదు. ఫిలిము దండుగ యనుకొంటిమి.

ఆ ప్రదర్శనశాలలో ఒక ముదుసలి చిత్రము ముందు మేమంతసేపు నిలుచుటకు కారణమిదియే. మా వెంట వచ్చిన మనుమడు, “తాతా, ఈమె మనకేమగును?” అని యడిగినాడు.

మొన్నటి సంక్రాంతికి చింతామణి పోయి, ఆ ముగ్గు కొంతవరకు జ్ఞాపకమున్న మా చెల్లెలిచేత వేయించి, ఆమెను ప్రక్కన నిలబెట్టి రంగులలో ఫోటో తీయించితిమి. రెండు మెలికలు తప్పినవని ఆమె వాదము. “చెరిపి మరల వేయుదునన్నా, ఇది అచ్చు వేయింపకుము” అన్నది. వేయించితిమి. వెనుక ఆమె పేరు, అమ్మ పేరు, ఊరు, తేదీ వ్రాసి పెట్టితిమి.