ఓడిపోయిన పిల్లల వివరాలు ఎక్కడికి పోతాయి?

ఈ సంపుటిలో తోటి రచయితలు కథల మీదా పాటల మీదా రాస్తుంటే మేం ఒక ఫారం మీద రాస్తున్నాం. నవ్వుకుంటే నవ్వుకోండి. ఫారం కూడా రచనే. దాన్ని ఎవరో కూర్చుని రాశారు. నింపేవాడు ఎలా ఉంటాడో ముందే ఊహించుకుని రాశారు. అతనికి ఇంటిపేరు ఉంటుందనీ, పుట్టినతేదీ తెలిసి ఉంటుందనీ, చేతిలో సొంత ఫోను ఉంటుందనీ, ఏడాది పొడుగునా ఒకే ఊళ్లో ఉంటాడనీ అనుకున్నారు. కథలో మనవాళ్ల పాత్ర తప్పుగా వస్తే మనం విమర్శ రాస్తాం. ఫారంలో తప్పుగా వస్తే మాత్రం మనమే సర్దుకుని గళ్లు నింపేస్తాం.

మేం చెప్పే ఫారాలు ప్రభుత్వం పెట్టే బహుమతి పోటీలవి. ఆటలు, క్విజ్, వ్యాసరచన, నినాదాలు, చిత్రలేఖనం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్లలో పనిచేసే మా లాంటి టీచర్ల దగ్గరికి ఇవి వస్తూనే ఉంటాయి. పోటీలు వద్దని మేం అనం. తండా పిల్లకి, యానాది కాలనీ పిల్లాడికి ఊరు దాటే దారులు తక్కువ. ఉన్నవాటిలో పోటీ ఒకటి. మా పేచీ అంతా పోటీకి ముందు జరిగే పేర్ల నమోదుతోనే.

మన కళ్ల ముందు జరిగిన పెద్ద ఉదాహరణ ‘ఆడుదాం ఆంధ్రా’. 2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గరి నల్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి దాన్ని మొదలుపెట్టారు. 15 ఏళ్లు నిండినవాళ్లంతా ఆడవచ్చన్నారు. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. సచివాలయం స్థాయి నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం దాకా అయిదు మెట్లు. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగిసింది. క్రికెట్, కబడ్డీ లాంటి జట్టు ఆటల్లో రాష్ట్రంలో మొదట నిలిచిన జట్టుకి 5 లక్షల రూపాయలు. అప్పటికి ఊళ్లలో యాభై ఇళ్లకో వాలంటీరు ఉండేవారు కాబట్టి నమోదు ఇంటి గుమ్మంలోనే అయిపోయింది. ఆడేవాళ్లతో పాటు చూసేవాళ్ల పేర్లు కూడా రాసుకున్నారు. అన్నీ కలిపి కోటీ 20 లక్షలు దాటాయని ప్రభుత్వం చెప్పింది. అందులో ఆటగాళ్లుగా నమోదైనవాళ్లు 34 లక్షల పైచిలుకు. మిగతావాళ్లు ప్రేక్షకులు. ఆట చూడ్డానికి పేరు రాయించుకోవడం మాకు అదే మొదటిసారి.

ఆ తేదీలు మళ్లీ చూడండి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. ఇక్కడ పత్తి ఆఖరి తీతలూ, మిరప మొదటి కోతలూ అప్పుడే. ప్రకాశం పడమటి మండలాల నుంచి, కర్నూలు వైపు నుంచి కూడా కూలీలు గుంటూరు చేలకి దిగే కాలం. పదహారేళ్ల పిల్లాడు ఆ నెలల్లో మైదానంలో ఉండడు, మిరప చేలో వాళ్లమ్మ పక్క సాలులో ఉంటాడు. పేరు మాత్రం ముందే రాసి ఉంది. మా ఎరుకలో అలా పేరుండి ఆడనివాళ్లు ఎందరో. వాళ్లూ ఆ పెద్ద అంకెలో ఉన్నట్టే. తర్వాత ప్రభుత్వం మారింది, ఆ పోటీల మీద విజిలెన్స్ విచారణ వచ్చింది. మేం చదివిన వార్తలన్నీ ఖర్చు గురించే. కిట్ల డబ్బు ఎటు పోయిందని అడగాల్సిందే. కోటి మంది వివరాలు ఎటు పోయాయని కూడా అడగాలి కదా.

ఇప్పుడు ఫారంలోకి వెళ్దాం. మొదటి గడి పేరు. చాలా ఫారాల్లో అసలు పేరుకి ఒక గడి, ఇంటిపేరుకి ఒక గడి. సుగాలి అబ్బాయి పేరు చివర నాయక్ అని ఉంటుంది, అక్క పేరు చివర బాయి అని ఉంటుంది. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఇంకొకటి, రేషన్ కార్డులో మూడోది. కంప్యూటరు ఆ ముగ్గుర్నీ ముగ్గురు మనుషులనుకుంటుంది. రెండో గడి పుట్టినతేదీ. బడిలో చేర్చిన రోజున అప్పటి అయ్యవారు తోచింది రాసేశారు. మా బడి రిజిస్టరు తిరగేస్తే జూన్, జూలై నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. మూడో గడి కులం, తెగ. షెడ్యూల్డు తెగల జాబితాలో సుగాలి, లంబాడి, బంజారా ఒకే చోట ఉంటాయి. ఫారంలో ఏది నొక్కాలో ఆ పిల్లకి తెలియదు. మాకూ ఒక్కోసారి తెలియదు. అసలు పరుగు పందేనికి ఈ గడి ఎందుకో అంతకన్నా తెలియదు.

నాలుగోది ఫోను నంబరు. దీని దగ్గర కాసేపు ఆగాలి.

మా బడిలో తొమ్మిది చదివే సుగాలి అమ్మాయి ఒకతె వ్యాసరచన పోటీకి పేరిచ్చింది. పోటీ పేరు చెప్పం, అనవసరం. ఫారంలో నంబరు లేకపోతే ముందుకి కదలదు. గడి పక్కన ఎర్ర చుక్క ఉంది, అంటే తప్పనిసరి అని. వాళ్లమ్మ ఫోనుకి రీఛార్జి అయిపోయి నెల దాటింది. ఓటీపీ రావాలి. తండాలో అప్పుడు పనిచేస్తున్న ఫోను ముఠా మేస్త్రిది. ఆయన మంచివాడే, పిలిస్తే వచ్చి అంకెలు చదివి చెప్పాడు. మేమే నొక్కాం. అమ్మాయి బాగా రాసింది, రెండో బహుమతి వచ్చింది. ఆ కబురు మేస్త్రి ఫోనుకి వెళ్లింది. అప్పటికి ఆయన ఇంకో ముఠాతో పొన్నూరు వైపు చేలల్లో ఉన్నాడు. వచ్చే సందేశాలన్నీ చదివే అలవాటు ఆయనకి లేదు. బ్యాంకు ఖాతా వివరాలు పంపాల్సిన గడువు దాటిపోయాక మాకు తెలిసింది. అడిగితే, మీరిచ్చిన నంబరుకే పంపాం కదా అన్నారు. నిజమే, ఇచ్చింది మేమే. ఆ అమ్మాయికి బహుమతి రాలేదు. మేస్త్రి ఫోనుకి మాత్రం పండగ శుభాకాంక్షలు ఇంకా వస్తున్నాయట.

ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. మా తప్పు కూడా ఉంది కాబట్టే రాస్తున్నాం.

పై నుంచి ‘ఎన్ని అయ్యాయి’ అని ఫోను వస్తే మేం కూడా పిల్లల్ని అంకెలుగానే చూస్తాం. ‘పరీక్షా పే చర్చా’ సంగతి చూడండి. 2018లో మొదలైన ఈ కార్యక్రమానికి పోటీ, నమోదు మైగవ్ వెబ్‌సైటులో జరుగుతాయి. ఇంటర్నెట్టు, ఫోను లేని పిల్లల తరఫున టీచరు తన లాగిన్ నుంచే పంపే ఏర్పాటు అందులో ఉంది. అది మంచి ఏర్పాటు, మెచ్చుకోవాలి. ఫోను లేని పిల్ల కూడా ఉంటుందని ఫారం రాసినవాళ్లు ఊహించిన అరుదైన చోటు అది. 2025లో ఒక్క నెలలో 3 కోట్ల 53 లక్షల నమోదులతో దానికి గిన్నిస్ రికార్డు వచ్చింది. రికార్డు నమోదుకి. పిల్లలు పరీక్ష భయం గురించి ఏం రాశారన్నది ఆ రికార్డులో లేదు. మేం ఆ సాయంత్రాల్లో ఎలా నింపామో మాకు తెలుసు. పిల్లలు ఇళ్లకి పోయాక, హాజరుపట్టీ ముందు పెట్టుకుని, వాళ్ల తరఫున ప్రశ్న కూడా మేమే రాసేశాం.

మాలో ఒకరి నాయనమ్మ సీతానగరం సెటిల్‌మెంటులో పెరిగిన ఎరుకల మనిషి. జనాభా లెక్కలకి వచ్చినవాళ్లకి కొడుకుల పేర్లన్నీ ఎప్పుడూ చెప్పేది కాదు. ఒకటి దాచేది. అది మొండితనమని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఆ చట్టం కింద పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, వేళకి హాజరు చెప్పమన్నారు. స్టువర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లు ఆ రిజిస్టరు మీదే నడిచాయి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. కబడ్డీ ఫారానికీ ఆ రిజిస్టరుకీ పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు. ఒకటి బలవంతం, ఇంకొకటి ఇష్టం. అయినా పేరు రాసిస్తే ఆ కాగితం మన చేతిలో ఉండదన్న సంగతి ఆ ముసలామెకి మనకంటే ముందు తెలుసు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. 18 ఏళ్లలోపు వాళ్లంతా ఈ చట్టం దృష్టిలో పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలని నియమం. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలివ్వాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది, సంతాలీ, బోడో ఉన్నాయి. లంబాడీ లేదు, ఎరుకల భాష లేదు, కోయ, గోండి, సవర లేవు. అంటే తండాలో తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పే బాధ్యత ఎవరిదీ కాదు. మళ్లీ టీచరుదే.

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. అవసరం తీరాక వివరాలు చెరిపేయాలని ఆ చట్టం 8వ సెక్షనులో ఉంది. ఒక కంపెనీ పోటీ పెడితే, ఇతర చట్టాలు ఉంచమంటే తప్ప, అది వర్తిస్తుంది. కానీ 17వ సెక్షను నాలుగో ఉపవిభాగం ప్రభుత్వాన్నీ దాని సంస్థల్నీ ఆ చెరిపే బాధ్యత నుంచి తప్పించింది. చెరపమని మనం అడిగే హక్కు కూడా అక్కడ వర్తించదు. గెలిచేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బహుమతి పంపడానికి వాళ్ల ఖాతా నంబరు కావాలి, సరే. మిగిలిన లక్షల మంది ఓడిపోయారు, లేదా అసలు ఆడనే లేదు. వాళ్ల పేరు, తెగ, వయసు, ఫోను దాచుకోవడానికి పోటీ అనే కారణం ఇక లేదు. చెరపాలన్న నియమమూ లేదు.

కబడ్డీ ఆడించడానికి ఏం కావాలి? పేరు, ఊరు, సుమారు వయసు, జట్టులో ఎవరెవరు. ఊరి మైదానంలో ఇంతకుముందు పోటీలు పెట్టిన పెద్దలు చింత చెట్టు కింద ఒక నోటుబుక్కుతోనే నడిపారు. మిగతావి గెలిచాక అడగొచ్చు. అలా అడిగితే మా అమ్మాయి బహుమతి పోయేది కాదు. గెలిచిన రోజున ఎవరో ఒకరు బడికి వచ్చి ఆమెనే అడిగేవాళ్లు.

మేం మా బడిలో చేస్తున్నది చిన్న పని. పోటీ ప్రకటన రాగానే ఫారాన్ని పిల్లల ముందు గట్టిగా చదువుతున్నాం. లంబాడీ వచ్చిన పెద్దపిల్లలు తండాలో తల్లులకి చెప్పి వస్తున్నారు. ఎర్ర చుక్క లేని గడి ఏదైనా ఖాళీగానే వదిలేస్తున్నాం. ఎవరి ఫోను నంబరు ఇచ్చామో, నమోదు సంఖ్య ఏమిటో పిల్ల నోటుబుక్కు వెనక అట్ట మీద రాయిస్తున్నాం. ఫలితాల తేదీ నాడు మేమే చూస్తున్నాం. దీనివల్ల మా బడి నుంచి వెళ్లే అంకె తగ్గింది. ఎందుకు తగ్గిందని అడిగారు కూడా.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడు కబడ్డీకి పేరిస్తానంది. ఫారం చదివి, ‘ఆటకి మా అమ్మ ఫోను ఎందుకు సార్?’ అంది. చుక్క ఉంది కాబట్టి అన్నాం. ‘చుక్క ఎవరు పెట్టారు?’ అంది. ఆ ప్రశ్నని మండల సమావేశంలో అడగాల్సిన వాటిలో మొదటిదిగా రాసుకున్నాం.