చాటు, చేయి, తుపాకి: “డ్యూస్ ఎక్స్” క్రీడపై ఒక విమర్శ

విమర్శ యనగానే కావ్యమో, నాటకమో, సంగీతసభయో మనకు స్ఫురించును. కాని మన యిండ్లలోని యువకులకు నేడు కథయు, దృశ్యమును, ఆటయు ఒక్కచోట కలిసి లభించుచున్న వస్తువు కంప్యూటరు క్రీడ. దానిని పెద్దలు రెండే విధములుగా చూచుచున్నారు. కొందరు కాలహరణమని కసరుదురు. కొందరు పిల్లల ముచ్చటయని యూరకుందురు. రెండింటను పరిశీలన లేదు. తుపాకి యాటలలో నెల్ల పరిశీలనకు నిలువదగినది యొకటి కలదు. దాని పేరు “డ్యూస్ ఎక్స్”.

ఈ క్రీడ 2000 జూన్ మాసమున వెలువడినది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, ఆస్టిన్ నగరమందలి అయాన్ స్టార్మ్ శాఖవారు దీనిని నిర్మించిరి. నిర్మాణమునకు నాయకుడు వారెన్ స్పెక్టర్. రూపకల్పనలో ముఖ్యుడు హార్వీ స్మిత్. దీని పేరే నాటకరంగమునకు సంబంధించినది. ప్రాచీన గ్రీకు నాటకములలో చిక్కుముడి విప్పుటకై దేవుని యంత్రముపై దింపు పద్ధతి యుండెడిది. దానిని తెలుపు లాటిన్ మాట నుండి ఈ పేరు పుట్టినది.

కథ 2052 వ సంవత్సరమున జరుగును. “గ్రే డెత్” అను మహమ్మారి ప్రజలను కబళించుచుండగా, దానికి విరుగుడైన “ఆంబ్రోషియా” యను మందు పైవర్గములవారికే అందుచుండును. కథానాయకుడు జేసీ డెంటన్ ఉగ్రవాద నిర్మూలనమునకై ఏర్పడిన యునాట్కో యను అంతర్జాతీయ సంస్థలో క్రొత్తగా చేరిన ఉద్యోగి. అతని శరీరమున సూక్ష్మయంత్రములు నాటబడియున్నవి. సర్వమును అతని కన్నులతోడనే మనము చూతుము. అతని చేతులే మన చేతులు.

మొదటి ఘట్టము న్యూయార్కులోని లిబర్టీ ద్వీపమున నడచును. స్వేచ్ఛా విగ్రహమునకు తల లేదు. సాయుధులు కొందరు మందును అపహరించి ఆ కట్టడమును ఆక్రమించియున్నారు. వారి నాయకుని చేరవలెను. నాయకుని యొద్ద పిస్తోలును, తాకిన మాత్రమున మనిషిని సొమ్మసిల్లజేయు విద్యుత్తు కఱ్ఱయు మొదటనే యున్నవి. అన్నయైన పాల్ డెంటన్ ఎదురేగి, ఇంకొక ఆయుధము కోరుకొమ్మని మూడు చూపును: మత్తుమందు ములుకులు వేయు చిన్న విల్లు, దూరము నుండి గురిపెట్టు తుపాకి, రాకెట్లు విసరు గొట్టము. సాధ్యమైనంత వరకు ప్రాణములు తీయవలదని హెచ్చరించియే అతడు ఆయుధము నొసగును. ఆట నియమములను తెలుపు భారమును గ్రంథకర్తలు అన్నదమ్ముల సంభాషణమున నిమిడ్చిరి. ఈ యుక్తి ప్రశంసనీయము.

ఇక మార్గములు. మొదటిది చాటుమార్గము. వంగి మెల్లగా నడచినచో అడుగుల చప్పుడు వినరాదు. పరుగెత్తినచో కావలివాడు తల త్రిప్పును. వెనుక గోడ కడ పేర్చిన పెట్టెలపై కెక్కి విగ్రహపు పైయంతస్తులకు పోవచ్చును. రేవు కడ వేచియున్న వార్తాహరుని కలిసికొన్నచో ద్వారపు తాళపుచెవి లభించును. రెండవది చేతిపోరు. లాఠితోనో, విద్యుత్తు కఱ్ఱతోనో శత్రువును సమీపించి పడగొట్టవలెను. గుండు ఖర్చు లేదు, చప్పుడు తక్కువ. కాని మూడడుగుల దూరమునకు పోవుటయే అపాయము. మూడవది ఆలోచనతో కూడిన కాల్పులు. ఇచ్చట గురి వెంటనే కుదురదు. కదలక నిలిచినకొలది గురి గీతలు దగ్గరకు వచ్చును. శిక్షణ లేనివానికి చేయి వణకును. తల, మొండెము, రెండు చేతులు, రెండు కాళ్ళు అను ఆరు భాగములుగా శరీరము లెక్కింపబడును. చేతికి గాయమైనచో గురి చెడును. రెండు కాళ్ళును చెడినచో ప్రాకవలసినదే. ఈ కారణమున తుపాకి గలవాడు సైతము తెగబడి పోజాలడు.

నేర్పదగిన విద్యలు పదునొకండు. ఈత, వైద్యము, తాళములు విప్పుట, కంప్యూటర్లు నడపుట మొదలైనవి ఆయుధవిద్యలతో సమానముగా అందు చేరియున్నవి. ప్రతి విద్యకును నాలుగు మెట్లు. మెట్టు ఎక్కుటకు కావలసిన గుణాంకములు ఎచ్చట నుండి వచ్చును? అప్పగించిన కార్యము నెరవేర్చినందుకు, మరుగున నున్న చోట్లు కనుగొన్నందుకు వచ్చును. ఒక్కొక్క శవమునకు ఇంత యని వెల కట్టబడలేదు. జీవితమంతయు జమాఖర్చుల పద్దులు వ్రాసినవాని కంటికి ఈ విషయము మొదట ఆనును. ఏ పద్దునకు సొమ్ము చెల్లునో ఆ పద్దే పెరుగుట లోకస్వభావము. హత్యకు పద్దు తెరువకపోవుటచేత, చంపుటయా మానుటయా యను ప్రశ్న ఆటగాని మనస్సునకే విడువబడినది.

అట్లని అడుగువారే లేరా? ఉన్నారు. కార్యము ముగించి కచేరికి తిరిగి వచ్చిన డెంటనును ఆయుధశాలాధికారియైన శామ్ కార్టర్ ప్రశ్నించును. ఈయన పాత సైనికుడు. ప్రాణములను కాపాడినవానిని మెచ్చుకొనును, విచ్చలవిడిగా కాల్చినవానిని మందలించును. సహోద్యోగినియైన ఆన్నా నవారేకు నచ్చునది మరియొకటి; దయ చూపుట ఆమెకు చేతగానితనము. ఒకే కార్యమునకు ఒకే కచేరిలో రెండు తీర్పులు! ఉద్యోగములు చేసినవారికి ఈ చిత్రణము కల్పనగా తోపదు.

అంతకన్న ముఖ్యమైనది కథ తిరుగు మలుపు. ఉగ్రవాదులని పేరుపడినవారు మందును సామాన్యులకు చేర్చుటకై అపహరించిరనియు, అన్నయైన పాల్ వారి పక్షమువాడే యనియు తరువాత తెలియును. కడకు తమ్ముడును సంస్థను విడుచును. లిబర్టీ ద్వీపమున కూలిన ఆ మనుష్యులు అప్పుడు జ్ఞాపకము వచ్చెదరు. చాటున దాటిపోయినవానికి ఊరట. కాల్చి పోయినవానికి ములుకు. ఆట వేరుగా శిక్ష వేయదు. తెలిసిన సత్యమే శిక్ష.

మన వాఙ్మయమున ఈ వివేచనము క్రొత్త కాదు. హనుమంతుడు రాత్రివేళ సూక్ష్మరూపమున లంక చొచ్చెను. అశ్వత్థామయు రాత్రివేళనే పాండవ శిబిరము చొచ్చెను. చీకటి యొక్కటే, చాటు ఒక్కటే. మొదటివాడు వెదకి, కనుగొని, సందేశమిచ్చి, ఆ పిమ్మట బుద్ధిపూర్వకముగా యుద్ధమునకు దిగెను. రెండవవాడు నిద్రించువారిని వధించెను. 1757 లో బొబ్బిలి కోట కూలిన పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారము చొచ్చి పొడిచిన కథను బుఱ్ఱకథలలో వినుచు మనము చేతులు చరచుదుము. అయినను అది వీరమా, పగయా యని వినువారిలో వాదము పుట్టుచునే యుండును. మార్గమును బట్టి మాత్రమే మనిషిని తూచలేమని మన పెద్దలకు తెలియును. ఈ క్రీడాకర్తలకును తెలిసినది.

వారి ప్రజ్ఞకు మరి రెండు నిదర్శనములు. లెబెడెవ్ అను బందీని విమానములో చంపుమని ఆన్నా నవారే ఆజ్ఞాపించును. ఆజ్ఞ పాలింపవచ్చును, ఊరకున్నచో ఆమెయే చంపును, లేదా ఆమెపైననే తిరుగబడవచ్చును. తిరుగబడని పక్షమున ఆమె మరల కచేరి ద్వారము కడ అడ్డగించును. బలహీనుడైన ఆటగాడు ఆమెను గెలువజాలడు. కాని ఆమె శరీరమందలి యంత్రములను ఆర్పివేయు ఒక రహస్యవాక్యము కలదు. కంప్యూటర్లు వెదకి దాని ఖండములను కూర్చుకొన్నవాడు తుపాకి యెత్తకయే, మాటతో ఆ పోరు ముగించును. రెండవది పాల్ గది ఘట్టము. సైనికులు చుట్టుముట్టగా, కిటికీగుండా తప్పించుకొనుమని అన్న కోరును. తమ్ముడు అట్లే చేసినచో అన్న మరణించును. నిలిచి పోరాడినచో బ్రదుకును. అంతవరకు చాటుమార్గమే ఉత్తమమని నమ్మినవాని నమ్మకము ఇచ్చట కదలిపోవును. ఏ మార్గమును ఎల్లవేళల ధర్మము కాదు.

లోపములు లేకపోలేదు. కావలివారి బుద్ధి మందము. ఒకని జాడ కనుగొని గగ్గోలు పెట్టినవారు కొంతసేపటికి ఏమియు జరుగనట్లు తమ చోటునకు పోయెదరు. హాంకాంగులో లభించు “డ్రాగన్స్ టూత్” అను ఖడ్గము మితిమీరిన బలము గలది. అది చేత బడిన పిమ్మట తక్కిన చేతిపోరు సాధనములు వృథాభారములు. అట్టి పదునుచేత ఎంపికకే విలువ తగ్గినది. మనుష్యుల ముఖములలో భావము పూజ్యము.

ఇదే పరంపరలో, ఈడోస్ మాంట్రియాల్ వారు 2011 ఆగస్టున “హ్యూమన్ రివల్యూషన్” అను క్రీడను వెలువరించిరి. కథ 2027 లోనిది. నాయకుడు ఆడమ్ జెన్సెన్. చిత్రణమున ఇది ఎన్నో మడుగులు మేలు. గోడను ఆనుకొని దాగుట, దాగినచోటు నుండి దాగినచోటునకు జరుగుట ఎంతయు సొగసుగా నున్నవి. కాని పద్దుల పుస్తకము మారినది. శత్రువును పడగొట్టినందుకు గుణాంకములు కలవు. చంపక పడగొట్టినచో ఎక్కువ కలవు. ఎవరి కంటను పడక కార్యము ముగించినందుకు వేరుగా బహుమానము కలదు. తత్ఫలితముగా ఆటగాడు దయచేత కాక, రాబడి చూచుకొని దయ చూపును. దాటిపోదగిన కావలివానిని సైతము, అంకములు పోవునని వెనుకకు మరలి పడగొట్టును. కూలి యిచ్చి కొన్న కరుణకు కరుణ యను పేరు తగదు. చేతిపోరును ఒక్క మీట నొక్కుటగా మారిపోయినది. మీట నొక్కగానే దృశ్యము వెలుపలికి జరిగి, జెన్సెన్ చేతులు తమంత తామే పని పూర్తిచేయును. బ్యాటరీ శక్తి కొంత వ్యయమగుట తప్ప ఆటగానికి సాహసము లేదు.

ఇంకొక పెద్ద తప్పు. చాటుమార్గమే పట్టి వచ్చినవానిని నడుమ నడుమ మూసిన గదిలో బలవంతులైన ప్రతినాయకులతో బలాత్కారముగా పోరాడించుట. ఈ ఘట్టముల నిర్మాణము వేరొక సంస్థకు అప్పగింపబడినది. అతుకు కనబడుచునే యున్నది. ప్రజల ఆక్షేపణను మన్నించి 2013 లో సవరించిన ప్రతిని వెలువరించి, ఆ గదులలో చాటునకును యంత్రములను వశపరచుకొనుటకును తావు కల్పించిరి. అయినను ప్రతినాయకుల చావు తప్పలేదు. 2016 నాటి “మాంకైండ్ డివైడెడ్” లో మాత్రమే, ప్రతినాయకుడైన మార్చెంకోను చంపక పట్టుకొను మార్గము ఏర్పడినది. విమర్శ నిష్ఫలము కాదనుటకు ఇది సాక్ష్యము.

పాత క్రీడ ముఖములు మొద్దు, క్రొత్త క్రీడ రూపము జిలుగు. ఐనను పాతదియే మేలని నా నిర్ణయము. మార్గములు మూడో ముప్పదియో కల్పించుట నేర్పుగల యంత్రకారునికి సాధ్యమే. నడచివచ్చిన మార్గమును గూర్చి మందలించు కార్టరును, అడ్డు చెప్పు అన్నను, ఆలస్యముగా తెలియు సత్యమును కల్పించుట రచయితకు మాత్రమే సాధ్యము. మన పిల్లలు ఇట్టి యాట ముగించి లేచినప్పుడు “ఎందరిని కూల్చితివి?” అని పరిహాసముగా అడుగుట మనకు వాడుక. ఇకపై “ఎట్లు దాటితివి? నిన్ను అచ్చట ఎవరైనను సంజాయిషీ అడిగిరా?” అని అడిగి చూడుడు. మంచి యాట యాడినవాడు ఆ ప్రశ్నకు చాలసేపు సమాధానము చెప్పగలడు.