కొండవీటి పండితులు విడదీసిన మనసు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మనసు సంగతి చెప్పడానికి మాటలకు కరువు లేదు. ఒళ్లు మండుతుంది, కళ్లు కుడతాయి, గుండె జారిపోతుంది, ప్రాణం ఉసూరుమంటుంది, ముఖం చెల్లదు. ఒక్కొక్కటీ ఒక్కో స్థితి. ఇప్పుడు వీటన్నిటి చోటా ‘టెన్షన్’ వచ్చి కూర్చుంటోంది. మిర్చి ధర పడినా టెన్షనే, కూతురి పెళ్లి దగ్గరపడినా టెన్షనే. పేర్లు కలిసిపోతే మనిషికి ఏమైందో ఎదుటివాడికి తెలియదు, ఒక్కోసారి ఆ మనిషికే తెలియదు. ఆరు వందల ఏళ్ల కిందట ఈ నేల మీదే భావాలను పేరుపేరునా విడదీసిన పాండిత్యం ఒకటి వర్ధిల్లింది. దాన్ని మళ్లీ తలుచుకోవలసిన అవసరం ఉంది.

అది రెడ్డిరాజుల కాలం. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డికి ఎర్రన హరివంశాన్ని అంకితమిచ్చాడు. ఆ తర్వాత రెడ్డిరాజుల రాజధాని కొండవీడుకు మారింది. అక్కడ రాజులే శాస్త్రకర్తలయ్యారు. కుమారగిరిరెడ్డి ‘వసంతరాజీయం’ అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. అది మనకు దక్కలేదు. ఆయన బావమరిది కాటయవేముడు కాళిదాసు మూడు నాటకాలకూ వ్యాఖ్యలు రాస్తూ దాన్ని పేర్కొన్నాడు. 1402 నుంచి 1420 వరకు ఏలిన పెదకోమటి వేమారెడ్డి ‘సాహిత్యచింతామణి’ రచించాడు, సంస్కృత శృంగార శ్లోకాల సంపుటి అయిన అమరుక శతకానికి ‘శృంగారదీపిక’ అనే వ్యాఖ్య సమకూర్చాడు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న ఆస్థానం ఆయనదే.

వీళ్లందరికీ ఆధారం భరతుడి నాట్యశాస్త్రం. అందులో భావాలు 49. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అనే ఎనిమిదీ స్థాయిభావాలు, అంటే మనసులో నిలిచి ఉండేవి. శంక, అసూయ, దైన్యం, చింత, వ్రీడ (సిగ్గు), గర్వం, విషాదం వంటి 33 సంచారిభావాలు. ఇవి సముద్రంలో అలల్లా స్థాయిభావం మీద లేచి అణగిపోతాయి. చెమట, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు వంటి ఎనిమిది సాత్త్వికభావాలు. ఇవి మనసు కదిలితే ఒంటి మీద తేలే గుర్తులు.

ఈ పట్టిక కంఠస్థం చేయడం సులువే. దాన్ని వాడే పద్ధతిలోనే అసలు విద్య ఉంది. ఏ గుర్తునూ ఒంటరిగా చూసి పేరు పెట్టకూడదు. కన్నీరు శోకంలో వస్తుంది, సంతోషంలో వస్తుంది, కోపంలోనూ వస్తుంది. అందుకని ముందు కారణం వెతకాలి. ఎవరి వల్ల, ఏ సందర్భంలో ఇది పుట్టింది? అది విభావం. తర్వాత చూపు, మాట, నడక ఎలా మారాయో గమనించాలి. అది అనుభావం. వెంట వచ్చిపోయే సంచారులు ఏవో పట్టుకోవాలి. ఈ మూడూ కలిశాకే స్థాయిభావం ఏదో తేల్చాలి.

శృంగారదీపిక చేసేది ఈ పనే. శతకంలోని చిన్న శ్లోకం తీసుకుని, మాట్లాడుతున్నది ఎవరు, నాయిక ముగ్ధా (ప్రేమకు కొత్తదా), మధ్యా (నడిమిదా), ప్రగల్భా (అనుభవమున్నదా), ఇది కలయికా, విరహమా అని నిర్ణయిస్తుంది. నాయిక మాట్లాడకుండా కూర్చుంటే దాన్ని క్రోధం కింద జమకట్టరు. ప్రేమ ఉన్నచోట పుట్టిన అలక గనుక అది మానం, విప్రలంభ శృంగారంలో, అంటే ఎడబాటు శృంగారంలో, ఒక రకం. పైకి కోపంలా కనబడేది లోపల రతి అని తేలుతుంది.

ఇదే చూపుతో పత్తిచేను గట్టున నిలబడ్డ రైతును చూడండి. కాయ పైకి బాగానే ఉంది, అయినా గులాబీ రంగు పురుగు చేరిందేమోనని అనుమానం. అది శంక. మందు కొట్టాలా వద్దా అని అటూ ఇటూ తూచడం వితర్కం. కాయ పగలగొట్టి పురుగును చూశాక కుంగిపోవడం విషాదం. అప్పు ఇచ్చిన వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడడం దైన్యం. ఇంటికొచ్చి పిల్లల ముందు ఏమీ జరగనట్టు నవ్వడం అవహిత్థ, అంటే లోపలి భావాన్ని దాచుకోవడం. ఇక దేని మీదా ఆశ లేదనిపించడం నిర్వేదం. ఈ ఆరింటికీ కలిపి టెన్షన్ అంటే, ఆ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిసే దారి మూసుకుపోతుంది.

గత శతాబ్దంలో అమెరికా మనస్తత్త్వవేత్త పాల్ ఎక్‌మన్ ముఖకవళికలను బట్టి కోపం, భయం, దుఃఖం, ఆనందం, రోత, ఆశ్చర్యం అనే ఆరు మూలభావాలను గుర్తించాడు. ఇవి భరతుడి జాబితాకు చాలా దగ్గర. అయితే ఉత్సాహాన్ని, రతిని కూడా మూలభావాలుగా నిలబెట్టింది మన సంప్రదాయం. భావాన్ని దాచుకోవడమూ ఒక భావస్థితేనని గుర్తించి దానికి పేరు పెట్టింది. ముఖం ఒక్కటే చూస్తే అవహిత్థ దొరకదు. ఆ ముఖం వెనక ఉన్న సందర్భం తెలియాలి.

1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. అలాంటి కష్టంలో ఈ పేర్ల తేడాయే ముఖ్యం: చింతలో ఉన్నవాడికి సలహా కావాలి, దైన్యంలో ఉన్నవాడికి గౌరవం కావాలి, నిర్వేదంలో ఉన్నవాడికి పక్కన మనిషి కావాలి. ఏది ఏదో తెలియకపోతే సాయం గురి తప్పుతుంది. కొండవీటి పండితుల విద్యను అలంకారశాస్త్రం పరీక్షలకే వదిలేయకూడదు. బడిలో పిల్లలకు, ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలకు దీన్ని వాడుకమాటల్లో నేర్పాలి. మీ ఇంట్లో ఎవరైనా ‘టెన్షన్‌గా ఉంది’ అంటే అక్కడితో వదిలేయకండి. దేనివల్ల వచ్చిందో, ఒంట్లో ఎలా ఉందో, వెంట ఇంకేమనిపిస్తోందో అడగండి.