తొంభైయా, డెబ్భై ఐదా?

1950లో టోక్యోలో జున్ మికి అనే జపాన్ ఫొటోగ్రాఫర్, లైఫ్ పత్రికకు పనిచేసే డేవిడ్ డగ్లస్ డంకన్‌ను ఫొటో తీశాడు. వాడిన లెన్స్ నిక్కోర్ 85 మి.మీ. ఎఫ్/2. ప్రింట్ చూసి డంకన్ నివ్వెరపోయాడు. తయారుచేసిన నిప్పాన్ కోగాకు కంపెనీకే వెళ్లి లెన్స్‌లు పరీక్షించాడు, వాటిని తన లైకాలకు తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. జపాన్ లెన్స్‌ల పేరు ప్రపంచానికి తెలియడంలో ఆ పోర్ట్రెయిట్‌కి పెద్ద వాటాయే ఉంది.

ఈ కథ విన్నవాళ్లు నేరుగా గాజు నాణ్యత మీద పడతారు. కానీ లైకా లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది వ్యూఫైండర్‌ని. ఎస్సెల్లార్‌లో లెన్స్ చూసేదే మనకీ కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో ఏ లెన్స్ పెట్టినా కిటికీ అదే, అందులో తెల్లగీతల ఫ్రేమే మారుతుంది. లైకా ఎం6కి 90 మి.మీ. లెన్స్ తగిలిస్తే 28 ఫ్రేమ్ కూడా వెంటే వస్తుంది. దాని వైశాల్యంలో 90 ఫ్రేమ్ పదో వంతు. అంత చిన్న చోట ముఖకవళికలు పట్టుకోవడం కష్టమే. 1954 నాటి ఎం3 సంగతి వేరు. కిటికీలో బొమ్మ దాదాపు అసలు సైజులో కనిపిస్తుంది, ఉన్న ఫ్రేములు 50, 90, 135 మాత్రమే. అందుకే నా లెక్కలో ఎం3కి 90, ఎం6కి 75.

ఇక ఎపర్చర్. 90 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/2 దగ్గర తెరిచి మీటరు దూరం నుంచి తీస్తే, పదునుగా వచ్చే లోతు సుమారు 1.4 సెంటీమీటర్లు. కన్ను బాగా వస్తే ముక్కు కొస మసకే. వ్యూఫైండర్‌లో మాత్రం అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి, హెచ్చరించేదేమీ ఉండదు. 1980లో కెనడాలో వాల్టర్ మాండ్లర్ రూపొందించిన 75 మి.మీ. ఎఫ్/1.4 సమ్మిలక్స్ అందం గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు కానీ, అరకిలో దాటిన బరువు, దానికి తగ్గ ధర! ఎఫ్/2.8 చాలామందికి సరిపోతుంది. పైగా రెండు మీటర్లు వెనక్కి జరిగితే లోతూ పెరుగుతుంది, ముక్కు ఉబ్బినట్టూ రాదు. ముఖం తీరు మారేది దూరాన్ని బట్టి, లెన్స్‌ని బట్టి కాదు.

ఫోకస్‌లో ఒక కిటుకు ఉంది. కెమెరా అడ్డంగా ఉన్నప్పుడు వ్యూఫైండర్ మధ్య చదరంలో, ఫోకస్ కుదిరితే ఒకటయ్యే జంట బొమ్మలు పక్కలకు జరుగుతాయి. అప్పుడు పట్టుకోవడానికి నిలువు గీత కావాలి, ముఖంలో అది అంత తేలిగ్గా దొరకదు. కెమెరాను నిలువుగా తిప్పితే బొమ్మలు పైకీ కిందికీ జరుగుతాయి, కనురెప్ప అంచు చక్కగా ఒకటవుతుంది. పోర్ట్రెయిట్‌కి ఎలాగూ నిలువు ఫ్రేమే కదా! కళ్లజోడు ఉన్న మనిషైతే జోడు అంచు మీద కాకుండా దాని వెనకున్న రెప్ప మీదే కలపాలి. ఫోకస్ అయ్యాక ఫ్రేమ్ సర్దుకునేటప్పుడు కెమెరాను బాగా వంచితే ఆ 1.4 సెంటీమీటర్లు కాస్తా చేజారిపోతాయి.

ఇన్ని తంటాలు పడి రేంజ్‌ఫైండర్‌తోనే ఎందుకు తీయాలంటే, షట్టర్ పడే క్షణంలో అద్దం లేచి కన్ను మూసేయదు. ఎదుటి మనిషి రెప్ప వేశాడో లేదో అప్పుడే తెలుస్తుంది, అతను కుర్చీలోంచి లేవకముందే ఇంకోటి తీసుకోవచ్చు.