'దొరకలేదు' అనగా 'లేదు' అనియా?

శ్రీకాళహస్తి ప్రాంతమున ఒక రైతు రెండెకరాల పొలము కొనదలచినాడనుకొందము. ఆ పొలము ఇదివరకే మరొకరికి అమ్ముడైనదా, తాకట్టులో ఉన్నదా అని అతడు ముందుగా తెలిసికొనవలెను. అది తెలుపు పత్రమునే మనము ఈసీ అందుము. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము దీనికి ఆధారమైన సూచికలు రెండు: ఒకటి మనుష్యుల పేర్లను బట్టి, రెండవది ఆస్తి వివరములను బట్టి. పూర్వము గుమాస్తా వీటిని ఏటికేడు తిరుగవేసి చూచుటకు రోజులు పట్టెడిది.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డ్' పథకమును ప్రారంభించినది. కార్యాలయములోనే ఒక సర్వరు, దానితో తీగలచే కలిపిన కంప్యూటర్లు. రోజుల పని నిమిషములలోనికి వచ్చినది. తరువాత ఆ వివరములు కేంద్ర సర్వరునకు చేరి, వెబ్‌లో ఎవరైనను ఇంటి నుండి వెదకుకొను వీలు కలిగినది. ఇది మెచ్చదగిన మార్పే.

అయితే గదిలో నడచిన ప్రోగ్రామును వెబ్‌లోనికి తెచ్చుటయనగా అదే తెరను దూరమున చూపుట మాత్రమే కాదు. గదిలో కంప్యూటరుకును రైతుకును నడుమ గుమాస్తా ఉండెను. ఒకే పేరును ఇంగ్లీషులో మూడు విధముల వ్రాయుదురనియు, పాత సర్వే నంబరు తరువాత ముక్కలైనదనియు అతనికి తెలియును. ఆ తెలివి ఏ పట్టికలోను చేరలేదు. గుమాస్తా లేని తెర ఇచ్చిన అక్షరములనే వెదకును. ఒక అక్షరము తేడా వచ్చినను 'దొరకలేదు' అనును. రైతు దానిని 'బాకీ లేదు' అని చదువుకొనును. ప్రమాదమంతయు ఇచ్చటనే ఉన్నది.

కాలమును, స్థలమును కూడ ఇట్టి చిక్కునే తెచ్చును. వెబ్‌లో ఈసీకి 1983ను మొదలుగా పెట్టిరి. అంతకు ముందటి తాకట్టు చేతివ్రాత సంపుటములలో ఉండవచ్చును. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినది; శ్రీకాళహస్తి పాత దస్తావేజులలో మాత్రము చిత్తూరు జిల్లా అనియే ఉండును.

కావున ఇట్టి ప్రోగ్రామును వేగమును బట్టి మాత్రమే మెచ్చుకొనరాదు. ఏ పేరుతో, ఏ సంవత్సరము నుండి, ఏ కార్యాలయపు లెక్కలలో వెదకినదో ఖాళీ జవాబుతో పాటే చెప్పవలెను. దగ్గరి పేర్లను కూడ చూపవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. హాజరు పట్టీలోని ఒక పేరును రెండు విధముల వ్రాసి కంప్యూటరులో వెదకించుడు. బాలుడు ఎదుటనే కూర్చుండును; యంత్రము లేడనును.