పొగ రంగు చదివే మేస్త్రీ

అనకాపల్లి అంటే అందరికీ బెల్లమే. నాకు 16వ నంబరు జాతీయ రహదారి పక్క షెడ్లలో బోనెట్లలోకి వంగి కనిపించే మెకానిక్కులు కూడా. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారు ఆయిల్ తాగేస్తోందంటే మంచి మేస్త్రీ వెంటనే ఇంజను విప్పడు. ముందు కింద మరకలు వెతుకుతాడు. కారుతున్నదాన్ని కాలుతోందనుకుంటే డబ్బు దండగ. తర్వాత సైలెన్సరు వెనక నిలబడతాడు. పొద్దున స్టార్టు చేయగానే ఒక్కసారి నీలిపొగ వదిలి ఊరుకుంటే వాల్వు సీళ్ల మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే పిస్టన్ రింగుల మీద. అనుమానమే సుమా, తీర్పు కాదు. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ కొలుస్తాడు. తగ్గిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాడు. పెరిగిందా, రింగుల సందును ఆ ఆయిలే కాసేపు మూసిందన్నమాట. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. నష్టపోతున్న సరుకునే సాక్షిగా పిలవడం ఎంత తెలివి! కంప్రెషన్ బాగున్నా ఆయిల్ రింగు మసిపట్టి ఇరుక్కుని ఉండొచ్చని కూడా అతనికి ఎరుకే. ఇవన్నీ మొదలుపెట్టకముందే బ్రీదర్ వాల్వు పూడుకుపోయిందేమో చూసే మేస్త్రీకి నా దండం. ఇంజను దింపితే ఎంత గిట్టుతుందో అతనికీ తెలుసు.